ఛార్జి అను మాట: దాని అర్థములు, వాడుకలు



మన దేవరాపల్లిలో బస్సు ఆగుచోట ఒక పూట నిలువబడి వినినయెడల, ఛార్జి అను ఇంగ్లీషు మాట ఎన్నిసార్లు చెవిని పడునో లెక్కించుట కష్టము. చోడవరమునకు ఛార్జి యెంత అని ఒకరు అడుగుదురు. కరెంటు ఛార్జీలు పెరిగినవని మరియొకరు గొణుగుదురు. సెల్లుఫోనులో ఛార్జింగు అయిపోయినదని కుఱ్ఱవాడు దిగులుపడును. కొత్త తహసీల్దారు ఛార్జి తీసికొనిరనియు, పాత తగవులో పోలీసులు ఛార్జిషీటు వేసిరనియు, పట్టణములో లాఠీఛార్జి జరిగినదనియు, ఫలానివారిని ఆసుపత్రినుండి డిశ్చార్జి చేసిరనియు చెప్పుకొందురు. ఇంగ్లీషు అక్షరము ఒక్కటియు రాని వృద్ధులు సహితము దీనిని తమ సొంత మాటవలెనే పలుకుచున్నారు.

పలుకుటలో తప్పేమియు లేదు. అయితే ఒకచోటి అర్థమును మరియొకచోట పెట్టుకొనినయెడల చేతి డబ్బు పోవును. కొన్నిసార్లు మనుష్యుని పేరే పోవును. అట్లు జరిగిన సంగతి ఒకటి ఈ పాఠములో చెప్పెదను. మరియు మన యౌవనస్థులలో కొందరు ఇప్పుడు ఇంగ్లీషు బైబిలు చదువుచు, ఈ మాట ఒక్కొక్క వచనములో ఒక్కొక్క విధముగా ఎందుకున్నదని ఆదివార బడిలో అడుగుచున్నారు. కావున ఈ నెల ఈ మాటను తీసికొందము.

బండిమీది బరువు

ఇన్ని అర్థములును ఒకే వేరునుండి పుట్టినవి. పూర్వము లాతీను భాషలో బండిని కర్రుస్ అనిరి. దానినుండి బండిమీద బరువు ఎక్కించుట అను క్రియ వచ్చెను. అది ఫ్రెంచి భాషలో ప్రవేశించి, అక్కడనుండి ఇంగ్లీషులోనికి ఛార్జిగా వచ్చెను. మనము రోడ్డుమీద చూచు కారు, ఓడలలో వచ్చు కార్గో అను మాటలును ఆ కుటుంబములోనివే. కాబట్టి ఛార్జి అనగా మొదట బరువు ఎక్కించుట. ఈ ఒక్కటి జ్ఞాపకముంచుకొనిన యెడల మిగిలినదంతయు దానంతట అదే విడిపోవును.

బండి బరువు ఎట్టిదో మన ప్రాంతమువారికి ఎవరును నేర్పనక్కరలేదు. చెరకు కోతల కాలమున గోవాడ పంచదార మిల్లునకు వరుసగా సాగిన ఎడ్లబండ్లను, అనకాపల్లి మార్కెట్టుకు బెల్లపు దిమ్మలు మోసికొనిపోయిన బండ్లను మన పెద్దలు ఎరుగుదురు. బండిమీద ఎంత వేయవలెనో, ఎక్కడ సమముగా సర్దవలెనో తెలియనివాడు ఎడ్లను చంపును, ఇరుసును విరుచును.

సంఖ్యాకాండము నాలుగవ అధ్యాయమును ఈ తలంపుతో చదివి చూడుడి. ప్రత్యక్షపు గుడారమును విప్పి మోయవలసిన పని లేవీయుల మూడు వంశములకు పంచబడినది. మెరారీయులకు పలకలు, అడ్డకఱ్ఱలు, స్తంభములు, దిమ్మలు వచ్చినవి. వారి సంగతి చెప్పుచు పాత ఇంగ్లీషు బైబిలు 31వ వచనములో ఛార్జి అను మాటను, భారము అను మాటను ఒకదాని ప్రక్కన ఒకటి పెట్టినది. అప్పగింపబడిన పనియు, భుజముమీది బరువును అక్కడ ఒక్కటే. ఏడవ అధ్యాయములో ప్రధానులు ఆరు బండ్లను, పండ్రెండు ఎడ్లను తెచ్చిరి. మోషే వాటిని సమానముగా పంచలేదు. తెరలు మోయు గెర్షోనీయులకు రెండు బండ్లు, బరువైన కఱ్ఱసామాను మోయు మెరారీయులకు నాలుగు. కహాతీయులకు ఒక్కటియు ఇయ్యలేదు. పరిశుద్ధమైన వస్తువులను వారు భుజములమీదనే మోయవలెను. తరువాతి కాలములో దావీదు మందసమును కొత్త బండిమీద ఎక్కించినప్పుడు ఏమి జరిగెనో మీకు తెలియును. సంఘములో పనులు పంచునపుడు అందరికి సమానము అని చెప్పి చేతులు దులుపుకొను పెద్దలు ఈ రెండు అధ్యాయములను ఒకసారి చదివిన మంచిది.

ఇక్కడ మన భాషలోని వింత ఒకటి చెప్పవలెను. ఇంగ్లీషువారు బండినుండి తీసిన అర్థమును తెలుగువారు తలమీది మోపునుండి తీసిరి. కట్టెల మోపు, గడ్డి మోపు అందుము, అది బరువు. నేరము మోపుట అందుము, అది నింద. పన్ను మోపుట అందుము, అది డబ్బు. ఒకరిని చూచి మరియొకరు వ్రాసికొనకయే, ఎక్కడో దూరదేశపువారును మనమును ఒకే త్రోవను నడిచితిమి. బరువు మోయని జనము లేదు గనుక అట్లు జరిగినదని నా అభిప్రాయము.

డబ్బు విషయములో

బస్సు ఛార్జి, కూలి ఛార్జి, బ్యాంకువారు తీసికొను సర్వీసు ఛార్జి, ఇవన్నియు మన మీద పడు ఖర్చు. కరెంటు బిల్లు తీసి చూడుడి: వాడిన యూనిట్లకు ఎనర్జీ ఛార్జీలు, లోడునుబట్టి ఫిక్స్‌డ్ ఛార్జీలు, ఇవి గాక కస్టమర్ ఛార్జీలు వేరువేరుగా నుండును. ఇల్లు తాళము వేసి నెల రోజులు ఊరికి పోయినను బిల్లు పూర్తిగా సున్న కాకపోవుటకు ఇదే కారణము. చాలమంది మీటరు రీడరుతో ఊరకనే తగవులాడుచున్నారు.

ఛార్జి లేదు అను మాటను గూర్చియు కొంచెము ఆలోచింపవలెను. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రములో ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము ఆరంభమైనది. కండక్టరు ఇచ్చు టిక్కెట్టుకు మన చేతినుండి పైకము పోదు. అయితే బస్సు గాలితో నడుచుట లేదు. ఆ బరువు ప్రభుత్వము తలమీదికి మారినది, అంతే. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక తొమ్మిదవ అధ్యాయములో ఈ రెండు సంగతులును ఉన్నవి. ఏడవ వచనములో, సొంత ఖర్చుతో సైన్యములో పనిచేయువాడు ఎవడని అడుగుచున్నాడు. ఆ ఖర్చునకు 1611 నాటి ఇంగ్లీషు బైబిలు ఛార్జీలు అనియే వ్రాసినది. పదునెనిమిదవ వచనములో తాను సువార్తను ఛార్జి లేకుండ ప్రకటించుచున్నానని చెప్పుచున్నాడు. మన తెలుగు బైబిలులో ఉచితముగా అని యున్నది. సంఘమునకు ఉచితమైనది పౌలునకు ఉచితము కాలేదు. ఆయన డేరాలు కుట్టి ఆ బరువును తన చేతులతో మోసెను.

సెల్లుఫోను సంగతి

పూర్వము తుపాకిలో మందు కూరుటను ఛార్జి చేయుట అనిరి. పదునెనిమిదవ శతాబ్దములో బెంజమిన్ ఫ్రాంక్లిన్ మొదలైనవారు విద్యుత్తును గాజు జాడీలలో నిలువచేసి పరిశోధించినప్పుడు, ఆ మాటనే విద్యుత్తునకును వాడిరి. అందుచేత బ్యాటరీ నింపుట ఛార్జి చేయుట అయినది. మనవారు దీనిని మరికొంత మార్చిరి. ఇంగ్లీషులో ఛార్జింగు అనగా నింపు పని. మనకు ఛార్జింగు అనగా ఫోనులో మిగిలియున్న శక్తి. ఫోనులో ఛార్జింగు లేదు అని మనము అనునది ఇంగ్లీషువాని చెవికి వింతగానుండును. అయినను మన ఊరిలో అందరికిని అర్థమగుచున్నది గనుక దానిని దిద్దవలసిన పనిలేదు. పరీక్షలో వ్రాయునప్పుడు మాత్రము పిల్లలు జాగ్రత్తపడవలెను.

అప్పగింపబడిన పని

బరువు ఎక్కించినట్టు బాధ్యతను ఒకనిమీద పెట్టుటయు ఛార్జి. అధికారి ఛార్జి తీసికొనెను అనగా ఆ కార్యాలయపు భారము తన తలకెత్తుకొనెను. ఇక్కడను మనవారి వాడుక వేరుగా సాగినది. ఇంగ్లీషులో ఒకడు దేనికి ఇన్‌ఛార్జియో దానికంతటికి అతడే పూర్తి జవాబుదారి. మన కచేరీలలో ఇన్‌ఛార్జి అధికారి అనగా, అసలు మనిషి వచ్చువరకు అదనముగా చూచుకొనువాడు. అందుచేతనే, నేను ఇన్‌ఛార్జినే గదా అని కాగితములను త్రోసివేయు అలవాటు పుట్టినది. మాటయొక్క పుట్టుకలో అట్టి సడలింపు లేదు.

అపొస్తలుల కార్యములు ఎనిమిదవ అధ్యాయములోని ఐతియొపీయుడగు నపుంసకుడు రాణియొక్క ధనాగారమంతటికి ఛార్జి గలవాడని ఇంగ్లీషు బైబిలు చెప్పును. పదునారవ అధ్యాయములో ఫిలిప్పీ చెరసాల నాయకుడు పౌలు సీలలను భద్రముగా నుంచవలెనను ఛార్జి పొందెను. అక్కడ అది ఆజ్ఞ. తొంబది యొకటవ కీర్తనలో దేవదూతలకు ఇయ్యబడినదియు అదే. పౌలు తిమోతికి వ్రాసిన రెండు పత్రికలలో ఈ మాట ఎన్నిసార్లు వచ్చునో గుర్తు పెట్టుకొనుచు చదువుడి. ద్వితీయోపదేశకాండము 24:5లో ఒక ముచ్చటైన వాడుక యున్నది: కొత్తగా పెండ్లియైన వానిని యుద్ధమునకు పంపరాదు, ఒక సంవత్సరము వానిమీద ఏ పనియు ఛార్జి చేయరాదు, వాడు ఇంటనుండి తన భార్యను సంతోషపెట్టవలెను. పెండ్లియైన నెలలోపలనే కుఱ్ఱవానిని కూలి పనికి దూరదేశము తోలు అత్తమామలు, తలిదండ్రులు ఈ వచనమును చూచియుండరు.

నేరము మోపుట

ఇప్పుడు ఈ పాఠములో ముఖ్యమైన చోటికి వచ్చితిమి.

కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములోని ఒక విధవరాలు ఒక కాగితములకట్టను కొంగున చుట్టుకొని మా యింటికి వచ్చెను. ఆమె కుమారుడు పట్టణములో కట్టడపు పనికి పోయి, కూలి డబ్బుల విషయమై జరిగిన కొట్లాటలో కేసున పడెను. ఆమె ఆ కట్టను నా చేతికిచ్చి, "అయ్యగారూ, మా ఓడికి ఛార్జీ ఏసినారంట. ఎంత కట్టాలో సదివి సెప్పండి బాబూ" అని అడిగెను. బస్సు ఛార్జి, కరెంటు ఛార్జి తప్ప ఆమెకు వేరొకటి తెలియదు. అంతకంటె విచారమేమనగా, ఆ ఛార్జి నేను కట్టి వచ్చెదనని చెప్పి మధ్యవర్తి యొకడు అప్పటికే ఆమెయొద్ద డబ్బు తీసికొనియుండెను. అందుకొరకు ఆమె తన పాడి ఆవుయొక్క దూడను అమ్మెను. ఛార్జిషీటు అనునది కట్టవలసిన బిల్లు కాదని చెప్పినప్పుడు ఆమె నా ముఖము చూచిన చూపు నేను మరువలేదు.

కాబట్టి తెలియనివారికొరకు వివరముగా చెప్పెదను. పోలీసువారు దర్యాప్తు ముగించి కోర్టునకు సమర్పించు నివేదికనే మనము ఛార్జిషీటు అందుము. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇది 193వ సెక్షను. అంతకుముందున్న 1973 నాటి చట్టములో 173వ సెక్షను. ఈ మనుష్యుడు ఈ నేరము చేసినట్టు మాకు ఆధారములు కనబడుచున్నవి అని పోలీసువారు చెప్పు మాట అది. దాని నకలును నిందితునికి ఉచితముగా ఇయ్యవలెనని చట్టమే చెప్పుచున్నది. ఛార్జిషీటునకు ఛార్జి లేదు! ఎవరైనను అడిగినయెడల ఈయకుడి.

అటుతరువాత న్యాయాధికారి ఆ కాగితములను చూచి, ఇరుపక్షములవారి మాట వినును. కేసు నడుపుటకు ఆధారము లేదని తోచినయెడల నిందితుని డిశ్చార్జి చేయును. ఉన్నదని తోచినయెడల అప్పుడు కోర్టువారే ఛార్జి వ్రాయుదురు; దీనినే అభియోగము అందురు. దానిని నిందితునికి చదివి, అర్థమగునట్లు చెప్పి, నేరము ఒప్పుకొందువా, విచారణ కోరుదువా అని అడుగుదురు. చిన్న కేసులలో ఈ పద్ధతి ఇంకను సులువుగా నుండును. పిమ్మట సాక్షులు వత్తురు, అడ్డప్రశ్నలు జరుగును, వాదనలు విందురు. తీర్పు అన్నిటికంటె చివరిది. అంతవరకు అతడు నిందితుడే గాని దోషి కాడు. వకీలును పెట్టుకొను శక్తి లేనివారికి 1987 నాటి న్యాయ సేవల చట్టము క్రింద ఉచిత సహాయము దొరకును. స్త్రీలకును, పిల్లలకును, నిర్బంధములో నున్నవారికిని ఆదాయముతో పనిలేకుండనే ఇత్తురు. 15100 అను నంబరుకు ఫోను చేసి అడుగవచ్చును.

ఆ తల్లి కష్టము అంతటితో తీరలేదు. కుమారుడు బెయిలుమీద ఇంటికి వచ్చి ఆదివారము గుడికి రాగా, ఛార్జిషీటు పడినవాడు ప్రభురాత్రి భోజనపు బల్లయొద్దకు ఎట్లు వచ్చునని కొందరు గుసగుసలాడిరి. అతడు చెప్పులు విడుచుచోటనే కూర్చుండి, ఆరాధన ముగియకమునుపే లేచి పోవుచుండెను. పెద్దల కూటములో ఈ ప్రశ్న వచ్చినప్పుడు రెండు రాత్రులు మాటలాడితిమి. సంఘమునకు చెడ్డపేరు వచ్చునన్నవారి భయము కపటమైనది కాదు. అయినను ఒక్క మాటకు ఉన్న రెండు అర్థములను వారు ఒకటిగా కలిపివేయుచుండిరి. నేరము మోపబడుట వేరు, నేరము రుజువగుట వేరు. తీర్పు వచ్చువరకు అతనికి బల్ల మూయరాదని తీర్మానించితిమి. ఇద్దరు పెద్దలు ఒప్పుకొనలేదు. రెండు కుటుంబములు కొన్ని వారములు ఆరాధనకు రాకపోయిరి. ఆ తీర్మానము సరియైనదేనని ఇప్పటికిని నేను ఎంచుచున్నాను.

లేఖనములో ఛార్జిషీటు పడినవారు ఎందరున్నారో చూడుడి. యోసేపుమీద అతని యజమానుని భార్య నేరము మోపెను. స్తెఫనుమీద అబద్ధసాక్షులను నిలువబెట్టిరి. పౌలు రెండేండ్లు కైసరయలో విచారణ తేలక బంధింపబడియుండెను. ఫేస్తు అన్యుడైనను, నేరము మోపినవారు ముఖాముఖిగా నిలువకుండ, నిందితుడు తన సమాధానము చెప్పుకొనకుండ, మనుష్యుని అప్పగించుట రోమీయుల ఆచారము కాదని చెప్పెను (అపొ. కా. 25:16). ఖైదీని పంపుచు అతనిమీది నేరములేవో వ్రాయకుండుట యుక్తము కాదనియు అనెను. అన్యుడైన అధిపతికున్న ఈ పాటి న్యాయము మన గుడి అరుగుమీద కనబడకపోయిన ఎట్లు? మన ప్రభువు శిరస్సునకు పైగా ఒక పలక కొట్టిరి గదా. ఆయనమీద మోపబడిన నేరము దానిమీద వ్రాయబడియుండెను. 1946లో వెలువడిన ఇంగ్లీషు క్రొత్త నిబంధనలో మత్తయి 27:37 వచనమునందు దానికి ఛార్జి అను మాటనే వాడిరి.

రోమా 8:33లో పౌలు సవాలు చేయునది ఈ కోర్టు భాషతోనే. అక్కడ గ్రీకులో నున్న క్రియకు ఒకనిని న్యాయస్థానములోనికి పిలిపించుట అని అర్థము. తరువాతి వచనములో శిక్ష విధించువాని ప్రశ్న వేరుగా వచ్చుటను గమనింపుడి. మోపువాడు వేరు, తీర్పు తీర్చువాడు వేరు. పౌలు ఆ రెండింటిని కలుపలేదు. స్తెఫను చనిపోవుచు చేసిన ప్రార్థనలో (అపొ. కా. 7:60) గ్రీకు మాట మరియొకటి. అది నిలువబెట్టుట, తూచుట అను అర్థములు గలది. యూదాకు ముప్పది వెండి నాణెములు తూచి ఇచ్చినప్పుడు మత్తయి వాడిన క్రియయు అదే. 2 తిమోతి 4:16లో పౌలు తనను విడిచిపోయినవారికొరకు వేడుకొనునప్పుడు లెక్కల పుస్తకపు మాట వాడెను. ఇంగ్లీషువారు 1611లో ఈ మూడింటికిని ఛార్జి అనియే వ్రాసిరి. మన తెలుగు అనువాదకులు మొదటి రెండింటికి మోపుట అనియు, మూడవదానికి నేరముగా ఎంచుట అనియు వ్రాసిరి. ఈ మూడవచోట తెలుగే మూలమునకు దగ్గరగా నున్నదని నాకు తోచుచున్నది.

ఇది చిన్న పని కాదు. 1805లో లండను మిషనువారైన క్రాన్, డెగ్రాంజ్ దొరలు మన విశాఖపట్టణమునకు వచ్చి తెలుగు నేర్చుకొన నారంభించిరి. క్రాన్ 1809లోను, డెగ్రాంజ్ 1810లోను మరణించిరి. ఆనందరాయరు అను పండితుడు వారికి తోడ్పడెను. డెగ్రాంజ్ అనువదించిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు ఆయన చనిపోయిన తరువాత 1812లో శ్రీరాంపూరులో అచ్చుపడినవి. ఇంగ్లీషు మాట ఒక్కటి దొరికినంతనే దానికి తెలుగు మాట ఒక్కటి అతికించిన సరిపోవునని వారు తలంచియుండినయెడల, బరువునకును, ఖర్చునకును, నేరమునకును, ఆజ్ఞకును మనకు ఒకే మాట మిగిలియుండును.

దించుట

ఛార్జి బరువు ఎక్కించుట అయినయెడల, డిశ్చార్జి దానిని దించుట. రైవాడ జలాశయమునుండి గేట్లెత్తి శారదా నదిలోనికి వదలు నీటిని ఇంజనీర్లు డిశ్చార్జి అందురు. ఆసుపత్రివారు రోగిని పంపుటయు డిశ్చార్జియే. అయితే దానికి పూర్తిగా బాగైనది అని అర్థము కాదు, ఆసుపత్రిలో నుండవలసిన అవసరము తీరినది అనియే. వారిచ్చు డిశ్చార్జి కాగితమును చూరులో దోపి పోగొట్టుకొనకుడి. మరల వైద్యునియొద్దకు పోయినప్పుడు మొదట అడుగునది దానినే.

పనిని డిశ్చార్జి చేయుట అనగా మానివేయుట కాదు, నెరవేర్చుట. బండివాడు బరువును దారిలో పడవేసినను, చేర్చవలసిన చోట దించినను బండి ఖాళీ యగును. ఇంగ్లీషులో ఉద్యోగి తన విధులను డిశ్చార్జి చేసెనని చదివినప్పుడు రెండవదే తలంపవలెను. ప్రసంగి 8:8లో యుద్ధమునుండి విడుదల లేదని చెప్పుచోట పాత ఇంగ్లీషు బైబిలు ఈ మాటను వాడినది.

లాఠీఛార్జి గూర్చి చెప్పవలసినది కొంచెమే. గుఱ్ఱపు దండు శత్రువులమీదికి ఒక్కుమ్మడిగా దూకుటను ఛార్జి అనిరి. ఆ మాటకు మన లాఠీ తోడై, ఈ దేశములోనే ఈ జంట పుట్టినది.

ఆదివార బడి ఉపాధ్యాయులు ఈ నెల పెద్ద పిల్లలచేత ఈ వచనములను తెలుగులోను, వీలైనచోట ఇంగ్లీషులోను చదివించి, ఛార్జి అను మాట ఎక్కడ బరువు, ఎక్కడ ఖర్చు, ఎక్కడ ఆజ్ఞ, ఎక్కడ నేరము అని వారిచేతనే చెప్పింపవలెను: సంఖ్యా 4:27, యోబు 1:22, అపొ. కా. 21:24, అపొ. కా. 23:29, 1 తిమోతి 1:18, 1 తిమోతి 5:16. పిమ్మట ఫిలేమోను పత్రిక 18వ వచనము చదివింపుడి. అక్కడ 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో ఛార్జి అను మాట లేదు. ఒనేసిము బాకీని పౌలు ఎవరి లెక్కలో వ్రాయుమని అడిగెనో, ఆ మాట అక్కడ లేకున్నను ఈ పాఠములో ఆ వచనమును ఎందుకు చేర్చితిమో పిల్లలనే అడుగుడి.